మునసబుగారి పది చక్రాలు

బాపిరాజుగారికి చేతివేళ్ళు పదింటికీ పది చక్రాలున్నాయని మామిడికుదురు చుట్టుపక్కల తెలియనివాళ్ళు లేరు. చూసినవాళ్ళు మాత్రం ఒక్కరూ లేరు.

వేలి కొసన సన్నటి గీతలుంటాయి కదా, అవి గుండ్రంగా చుట్టుకుంటే చక్రం అంటారు. ఒక పక్కనుంచి వచ్చి, వంపు తిరిగి, మళ్ళీ వచ్చిన పక్కకే పోతే శంఖం అంటారు, ఆ తెరుచుకున్న పక్కే దాని నోరు. చక్రాలు ఎన్ని ఎక్కువుంటే అంత అదృష్టమని, పదికి పదీ ఉంటే సాక్షాత్తూ రాజయోగమని మనవాళ్ళ నమ్మకం. బాపిరాజుగారికి పెళ్ళిసంబంధం చూసే రోజుల్లో, అవతలివాళ్ళు కాస్త నసుగుతున్నారని తెలిసి ఆయన తండ్రి "మావాడికి పది చక్రాలండి" అని ఒక మాట వదిలాడు. సంబంధం కుదిరింది. ఆ పెద్దాయన కొన్నాళ్ళకి సుఖంగా కళ్ళు మూశాడు. ఆ పది చక్రాలనీ మోసుకు తిరగడం కొడుకు పాలబడింది.

నిజానికి బాపిరాజుగారికి ఉన్నది ఒకే ఒక్క చక్రం. అదీ కుడిచేతి చిటికెనవేలికి. మిగతావన్నీ ఊళ్ళో అందరికీ ఉండేలాంటి శంఖాలే. అందుకని ఆయన ఎప్పుడూ పిడికిళ్ళు సగం మూసుకునే తిరిగేవారు. దణ్ణం పెట్టినవాళ్ళని దీవించేటప్పుడు కూడా విప్పేవారు కాదు. దీవిస్తున్నారో గుద్దబోతున్నారో తెలియక కొత్తవాళ్ళు ఒక అడుగు వెనక్కి వేసేవారు. ఎవరైనా చనువు తీసుకుని చక్రాలు చూపించమంటే, "దిష్టి తగుల్తుందండి" అని మాట దాటేసేవారు.

ఇదంతా ధవళేశ్వరం ఆనకట్ట కట్టి, కోనసీమలోకి కాలువనీళ్ళు వదిలిన కొత్తలో మాట. బాపిరాజుగారు ఆ ఊరికి మునసబు. చిల్లర తగాదాలు తీర్చడం, చిన్న చిన్న దొంగతనాలకి శిక్షలు వెయ్యడం ఆయన అధికారం. ఊరి కాలువలో మొదటిసారి నీళ్ళు పారగానే, అది మునసబుగారి చక్రాల మహిమేనని జనం చెప్పుకున్నారు. ఎండలో మట్టి తవ్విన కూలీలు ఎవరికీ గుర్తు రాలేదు. బాపిరాజుగారు కూడా గుర్తు చెయ్యలేదు. ఆయన తీర్పు చెబితే ఓడినవాడు సైతం "పది చక్రాల చెయ్యి, తప్పు చెప్పదు" అని దణ్ణం పెట్టి పోయేవాడు. అలాంటి పేరు వచ్చాక వదులుకోవడం మాటలా?

అంతటి జాతకుడికి ఆ ఏడు ఎండలు ముదరగానే సెగగడ్డ లేచింది. ఎక్కడ లేచిందో చెప్పడం మర్యాద కాదు గాని, అది లేచాక మునసబుగారు కూర్చోలేకపోయారు. తీర్పులు నిలబడే చెప్పారు. మునసబు నిలబడి ఉండగా తాము కూర్చోవడం బాగుండదని వాదీ ప్రతివాదీ కూడా నిలబడ్డారు, కాళ్ళు పీకి తొందరగా రాజీ పడ్డారు. ఆ ఊళ్ళో న్యాయం అంత చురుగ్గా అంతకుముందెప్పుడూ జరగలేదు. వైద్యుడు వచ్చి చూసి, ఒంట్లో వేడి చేసిందని, ఈ ఏడు మామిడిపండు వాసన కూడా చూడకూడదని కట్టడి చేశాడు. బాపిరాజుగారికి మామిడిపండంటే ప్రాణం. గడ్డ కంటే ఆ మాటే ఆయన్ని ఎక్కువ సలిపింది.

ఆయన భార్య మాణిక్యంగారు అంతర్వేది నరసింహస్వామికి మొక్కుకున్నారు. గడ్డ తగ్గితే చాపెడు మామిడితాండ్ర చేయించి స్వామికి సమర్పిస్తానన్నారు. స్వామి దయవల్ల గడ్డ తగ్గుముఖం పట్టింది. మునసబుగారు మెత్తటి దిండు మీద ఒక పక్కకి ఒరిగి కూర్చోగలుగుతున్నారు. వెంటనే ఏటిగట్టు పేటనుంచి నూకాలమ్మని పిలిపించారు.

నూకాలమ్మ పడవలవాళ్ళ మనిషి. భర్త ఏట్లో పోయాక, మామిళ్ళ కాలంలో ఇంటింటికీ తిరిగి తాండ్ర పోసి బతుకుతోంది. రసాలు పిండి, పల్చటి గుడ్డలో వడకట్టి, బెల్లం కలిపి, మంచె మీద పరిచిన తాటాకు చాప మీద ఒక పొర పోస్తుంది. అది ఎండితే దాని మీద ఇంకో పొర. దేవుడి తాండ్ర అయితే మూతికి గుడ్డ కట్టుకుని మరీ పోస్తుంది. నైవేద్యం కాకముందు ఎవరి నోరు తగిలినా అది ఎంగిలి, ఇక దేవుడికి పనికిరాదు. నూకాలమ్మ దగ్గర ఎంగిలి మాటే ఉండదని పేరు. ఆ పేరే ఆమెకి కూడూ గుడ్డా.

మొదటి పొర పోసిన నాటినుంచీ బాపిరాజుగారి ప్రాణాలు పెరట్లోనే ఉన్నాయి. ఆఖరి పొర పోసిన రోజు మధ్యాహ్నం భోజనాలయ్యి ఇల్లంతా కునుకు తీస్తోంది. వీధి అరుగు మీద కరణం కాశీవిశ్వనాథంగారు కండువా మొహాన కప్పుకుని గుర్రుపెడుతున్నారు. నూకాలమ్మ కాకుల్ని తోలే కర్ర పక్కన పెట్టి, పాకలోకి అన్నానికి వెళ్ళింది. బాపిరాజుగారు పెరటి గుమ్మం దాకా వెళ్ళారు, ఊరికే ఒకసారి వాసన చూసి వచ్చేద్దామని. గాలి ఎదురుగా కొట్టింది. ఆపైన కాళ్ళు వాటంతటవే నడిచాయి. ఎడంచేతి బొటనవేలితో తాండ్రని నొక్కి పట్టుకుని, కుడిచేత్తో ఒక మూల చింపి నోట్లో పెట్టుకున్నారు. కళ్ళు మూతలు పడ్డాయి. కళ్ళు తెరిచేసరికి కాకి ఒకటి మంచె అంచున వాలి ఆయన్నే చూస్తోంది. "హుష్, దొంగముండా!" అన్నారు బాపిరాజుగారు.

మర్నాడు పొద్దున్నే పెరట్లోంచి నూకాలమ్మ కేక వినబడింది. తాండ్ర మూల చిరిగి ఉంది. చిరుగు పక్కనే, నిన్న పచ్చిగా ఉండి ఇప్పుడు గట్టిపడిన పైపొర మీద, బొటనవేలి గుర్తు ఒకటి పడి ఉంది. ఒక్కో గీతా విడివిడిగా, అచ్చు గుద్దినట్టు కనబడుతోంది.

బాపిరాజుగారు నేనే తిన్నానని అప్పుడే అనేస్తే పోయేది. కాని తన గడ్డ కోసం మొక్కిన తాండ్రని తనే తిన్నానని భార్యతో ఏ మొహం పెట్టుకుని చెప్పడం? పైగా తాండ్ర మీద పడింది శంఖం. నాదేనంటే పది చక్రాల కథ ఆ పూటతో సరి. అందుకని ఆయన, తప్పు చేసిన పెద్దమనుషులు సామాన్యంగా చేసే పనే చేశారు. అందరికంటే గట్టిగా అరిచారు.

"దొంగెవరైనా సరే, పెద్దా చిన్నా లేదు! పొద్దుగూకేదాకా బొండకొయ్యలో కూర్చోవాల్సిందే!"

బొండకొయ్య అంటే చావడి ముందు ఎండలో పడి ఉండే పెద్ద దుంగ. దాని చిల్లుల్లో కాళ్ళు బిగించి తాళం వేస్తారు. అంతవరకూ అందులో కాళ్ళు పెట్టినవాళ్ళంతా లేనివాళ్ళే. ఉన్నవాళ్ళ కాళ్ళ కొలతకి చిల్లులు పెట్టించాలన్న ఆలోచన ఏ మునసబుకీ రాలేదు.

కేకలకి కరణంగారు వచ్చారు. ఆయన వెనకాల వీధివాళ్ళు వచ్చారు. గుర్తు పడిన తాండ్ర ముక్కని కోసి, ఇత్తడి పళ్ళెంలో పెట్టి అరుగు మీదికి తెచ్చారు. కరణంగారు ముక్కు దానికి తగిలేంత వంగి చూశారు.

"శంఖమండి రాజుగారూ. నోరు ఎడం పక్కకి తిరిగుంది. పోన్లెండి, తమరు కాదని తేలిపోయింది" అని తన హాస్యానికి తనే నవ్వారు. "ఏమే నూకాలమ్మా, కాపలా ఉన్నది నువ్వు కదా? ఏదీ, వేలు ఇలా చూపించు."

నూకాలమ్మ కుడిచెయ్యి చాపింది. బొటనవేలికి శంఖమే ఉంది. దాని నోరూ ఎడం పక్కకే ఉంది.

"ఇంకేం! దొంగ దొరికింది!" అన్నారు కరణంగారు.

నూకాలమ్మ ఏడవలేదు. బాపిరాజుగారి వైపు తిరిగి చేతులు జోడించింది. "బొండలో పెట్టండి బాబుగారండీ, కూర్చుంటాను. ఎండ నాకు కొత్త కాదండి. దేవుడి సొమ్ము ఎంగిలి చేసేనన్న మాట మాత్రం అనకండి. ఆ మాట బయటికెళ్తే రేపటినుంచి నన్ను ఏ పెరట్లోకీ రానివ్వరండి. ఇంక నేనెలా బతకాలండీ?"

బాపిరాజుగారికి లోపల ఎక్కడో కలుక్కుమంది. అది సెగగడ్డ కాదు, వేరే చోటు.

అప్పుడు వీధి తలుపు వెనకనుంచి గాజులు గలగలమన్నాయి. రాజులింట ఆడవాళ్ళకి ఘోషా. మాణిక్యంగారు వీధి అరుగు ఎలా ఉంటుందో చూసి ఎరగరు. బయటివాళ్ళతో ఏం చెప్పాలన్నా తలుపు చాటున నిలబడి, ముసలి దాసి పాపాయమ్మతో చెబుతున్నట్టుగా చెబుతారు. అది అందరికీ వినబడుతుంది. అయినా పాపాయమ్మ మళ్ళీ చెబుతుంది, అది పద్ధతి.

"పాపాయమ్మా, కరణంగారు పంచదార చిలకల అచ్చు ఎప్పుడైనా చూసేరేమో అడుగు."

"చూసేరా అంటున్నారండి అమ్మగారు."

"చూడకేం" అన్నారు కరణంగారు.

"అచ్చులో చిలక ఎడం పక్కకి చూస్తుంటే, పాకం పోసి తీసేక ఆ చిలక ఎటు చూస్తుందో అడుగు."

కరణంగారు గాల్లో చేతులు తిప్పి చూసుకున్నారు. కాస్త ఆలస్యంగా, కాస్త చిన్నగా, "కుడి పక్కకి" అన్నారు.

"మరి వేలు అచ్చు. తాండ్ర మీద పడింది చిలక. రెంటినీ పక్కపక్కన పెడితే ఒకే పక్కకి తిరిగున్నాయంటే, ఆ గుర్తు ఆ వేలిది కాదన్నమాటే కదా? గుర్తుకి గుర్తు పెట్టి పోల్చాలిగాని, గుర్తుకి వేలు పెట్టి పోలుస్తారా?"

ఇంత పొడుగు మాట పాపాయమ్మ మళ్ళీ చెప్పలేకపోయింది. "అదేనండి" అంది.

ఆడవాళ్ళకి ఇవన్నీ ఎందుకని ఎవరూ అనలేదు. మాణిక్యంగారి సంగతి ఆ ఊరికి తెలుసు. పెరటి గోడ మీది పిడకలు చూసి, వాటి మీద పడిన వేళ్ళ గుర్తులు చూసి, ఏది ఎవరు కొట్టారో చెప్పేస్తారు. పిడకల తగాదాలు మునసబుగారి దాకా రాకుండా పెరట్లోనే తేలిపోయేవి.

"నిన్న మధ్యాహ్నం ఈ ఇంట్లో ఉన్నవాళ్ళందరూ తలుపు సందులోంచి చెయ్యి లోపల పెట్టాలి. బొటనవేలు కాటుకలో అద్ది గుడ్డ మీద గుర్తు వేయిస్తాను. మొహాలు నాకక్కర్లేదు. వేలు చాలు" అన్నారు మాణిక్యంగారు.

తలుపు జానెడు తెరుచుకుంది. లోపల పాపాయమ్మ కాటుక పళ్ళెం పట్టుకుని కూర్చుంది. పక్కన గంజి పెట్టిన తెల్లటి పంచె బల్ల మీద పరిచి ఉంది.

మొదట పాలేరు ఎర్రయ్య వచ్చాడు. చెయ్యి లోపల పెట్టగానే వాడికి ముచ్చెమటలు పోశాయి. "అమ్మగారండీ, తాండ్ర సంగతి నాకు తెలీదండి! మొన్న రెండు బొండాలు మాత్రం దింపుకు తాగేనండి! నిరుడు కూడా తాగేనండి!"

"నిన్నెవరడిగేర్రా, వేలు తిన్నగా పెట్టు" అంది పాపాయమ్మ.

ఎర్రయ్యది చక్రం. వాడు వేలు బయటికి తీసుకుని, తనకొక చక్రం ఉన్నట్టు ఇన్నాళ్ళూ తెలియనందుకు దాన్ని తిప్పి తిప్పి చూసుకున్నాడు.

"కరణంగారు కూడానండి" అంది పాపాయమ్మ.

"నేనూనా? నేను అరుగు మీద నిద్రపోతున్నాను!"

"గుర్రు వినబడిందట. అయినా రమ్మంటున్నారండి."

కరణంగారు విసుక్కుంటూ చెయ్యి పెట్టారు. లోపల్నుంచి మాణిక్యంగారి గొంతు, "ఇది చక్రమూ కాదు, శంఖమూ కాదు. గీతలు ఇటునుంచి వచ్చి, నడుమ కాస్త ఉబ్బి, అటు పోతున్నాయి, పొలం గట్టులాగ. ఇలాంటి వేళ్ళు తక్కువమందికే ఉంటాయి" అంది. అంతవరకూ కరణంగారు కూడా తన చక్రాల గురించి నలుగురిలో ఒక మాట అంటూనే ఉండేవారు. ఆయన చెయ్యి చటుక్కున లాక్కుని కండువాలో దాచుకున్నారు.

నూకాలమ్మ వంతు వచ్చింది. చిలకల అచ్చు అబద్ధమాడలేదు. గుడ్డ మీద ఆమె శంఖం నోరు కుడి పక్కకి తిరిగింది.

"పైగా నూకాలమ్మ వేలిగీతలు సగం అరిగిపోయేయి. తెడ్డు పట్టిన చెయ్యి, పీచు ఒలిచిన చెయ్యి. తాండ్ర మీది గీతలు నున్నగా, ఒక్క గాటు లేకుండా ఉన్నాయి. పనీ పాటా చేసిన వేలు కాదది" అన్నారు మాణిక్యంగారు.

అరుగు మీద అందరూ కరణంగారి వైపు చూశారు. బాపిరాజుగారు పిడికిళ్ళు ఇంకాస్త బిగించారు.

"ఇంకో మాట చెప్పు పాపాయమ్మా. శంఖాలు ఊరంతా ఉంటాయి. శంఖం ఉన్నంత మాత్రాన దొంగ అయిపోరు. తాండ్ర మీది శంఖంలో, నడి మధ్యని ఒక గీత రెండు పాయలుగా చీలి, కాస్త దూరం పోయి మళ్ళీ కలుస్తోంది. రెండు పాయల మధ్య చిన్న లంక ఉంది. ఆ లంక ఎవరి వేలి మీదుంటే వాళ్ళే."

గోదారి పాయల మధ్య పుట్టి పెరిగినవాళ్ళకి ఇంతకంటే విప్పి చెప్పక్కర్లేదు. అందరూ తమ వేళ్ళు కళ్ళదగ్గర పెట్టుకుని లంకల కోసం వెతుక్కోవడం మొదలెట్టారు.

అందరి చేతులూ అయ్యాయి. లంక ఎవరికీ దొరకలేదు. బాపిరాజుగారికి ఒక్కసారిగా ఊపిరి తేలికైంది. ఎవరూ కాదంటే ఎవరికీ శిక్ష ఉండదు, కాకి ఎత్తుకుపోయిందని అందరూ ఇళ్ళకి పోతారు.

కరణంగారు ఊరుకుంటేగా! పొలం గట్టు మాట ఆయన్ని లోపల తొలుస్తోంది. "ఈ కాటుకలూ చిలకలూ ఏమిటండీ రాజుగారూ? ఇదంతా కాలక్షేపం. కాపలా ఉన్నది ఈవిడ. ఎంగిలైంది దేవుడి తాండ్ర. చేతులన్నీ అయిపోయేయి. మిగిలింది తమరి చెయ్యొక్కటే, దానికి పదీ చక్రాలే. ఇంక ఆలోచించడానికేముంది? తమరు తీర్పు చెప్పండి, నూకాలమ్మేనని."

జనం నోళ్ళలో గుసగుస పుట్టింది. నూకాలమ్మ బాపిరాజుగారి కాళ్ళ దగ్గర నేలమీద కూర్చుంది. "తమరేమంటే అదేనండి బాబుగారండీ. పది చక్రాల చెయ్యి అబద్ధం ఆడదండి" అంది.

ఆ మాట ఆమె మెప్పుకోసం అనలేదు, నమ్మి అంది. నమ్మి అన్నదానికి ఎదురు చెప్పడం చాలా కష్టం. బాపిరాజుగారు దిండు మీంచి మెల్లగా లేచారు.

"నా చెయ్యి కూడా చూడాలి" అన్నారు.

"అయ్యో, తమరా!" అన్నారు జనం. "దండగండి" అన్నారు కరణంగారు. బాపిరాజుగారు ధీరుడిలా నడిచి వెళ్ళి తలుపు సందులో చెయ్యి పెట్టారు.

మీరు అప్పుడే ఆయన్ని మెచ్చుకోకండి. ఆయన పెట్టింది కుడిచెయ్యి. తాండ్రని నొక్కిపట్టింది ఎడంచేతి బొటనవేలని ఆయనకి బాగా గుర్తుంది. కుడివేలి గుర్తు సరిపోదు. మునసబుగారే చెయ్యి పెట్టారన్న పేరు వస్తుంది. తన వేలికి శంఖం ఉన్న సంగతి మాణిక్యానికి తెలిసినా, ఇంటి గుట్టు బయట పెట్టే మనిషి కాదు. నూకాలమ్మని సాక్ష్యం చాలలేదని వదిలేయవచ్చు. అప్పటికప్పుడు ఇంత ఆలోచించగలిగిన బుర్ర ఆ ఊళ్ళో ఇంకొకటి లేదు.

లోపల ఆయన చేతిని పట్టుకున్నది పాపాయమ్మ మొరటు వేళ్ళు కావు. చల్లటి గాజులు మణికట్టుకి తగిలాయి. కాటుక పళ్ళెం దగ్గరికి రాలేదు. తలుపు సందులోంచి, ఆయనకి తప్ప ఇంకెవరికీ వినబడనంత చిన్న గొంతుతో మాణిక్యంగారు అన్నారు.

"ఈ చెయ్యి కాదండి. రెండోది."

బాపిరాజుగారు కాసేపు తలుపుకి నుదురు ఆన్చి నిలబడ్డారు. వెనక జనం, మునసబుగారు దేవుణ్ణి తలుచుకుంటున్నారనుకున్నారు. ఆయన కుడిచెయ్యి వెనక్కి తీసుకుని, ఎడంచెయ్యి లోపల పెట్టారు.

బొటనవేలికి కాటుక చల్లగా తగిలింది. తర్వాత గంజి గుడ్డ గరుగ్గా తగిలింది. కాసేపటికి మళ్ళీ అదే చిన్న గొంతు అడిగింది. "బయటవాళ్ళకి ఏం చెప్పమంటారు?"

చెప్పేది ఆవిడే. ఆవిడ ఏం చెబితే అదే నిజమవుతుంది. కాదని చెప్పమన్నా ఆవిడ చెబుతారని ఆయనకి తెలుసు. అదే ఆయన్ని ఎక్కువ సిగ్గుపెట్టింది.

"నువ్వేమీ చెప్పకు" అన్నారు. తలుపు దగ్గర్నుంచి జనం వైపు తిరిగారు.

"తాండ్ర తిన్నది నేను" అన్నారు బాపిరాజుగారు. "నాకు పది చక్రాలు లేవు. ఒక్కటే ఉంది. మిగతావన్నీ శంఖాలు. మా నాన్నగారు ఒక మాటన్నారు, నేను కాదనలేదు." రెండు చేతులూ పైకెత్తి వేళ్ళు విప్పారు. ఎడమ బొటనవేలు నల్లగా ఉంది. "నూకాలమ్మ ఏ ఎంగిలీ చెయ్యలేదు. ఆ మాట ఎవరన్నా నేనూరుకోను."

నూకాలమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఇప్పుడు ఏడ్చింది. అందరూ ఒకేసారి మాట్లాడటం మొదలెట్టారు. కాలువ నీళ్ళు మరి ఎవరి చక్రాలకి వచ్చాయని ఎవరో అడిగితే, "తవ్వితే వచ్చేయిరా" అని ఎర్రయ్య చెప్పాడు. వాడూ తవ్వినవాళ్ళలో ఒకడు.

శిక్ష ముందే చెప్పేసి ఉంది కదా, పెద్దా చిన్నా లేదని. "రాజుగారి కాళ్ళు బొండలోనా! మాకు పాపం చుట్టుకుంటుందండి!" అని కరణంగారు గోలపెట్టారు. బాపిరాజుగారు వినలేదు. చావడి దాకా నడిచి వెళ్ళి దుంగ ముందు కూర్చున్నారు. అక్కడే చిక్కొచ్చింది. ఆ చిల్లులు ఎముకల గూళ్ళలాంటి కాళ్ళకి పెట్టినవి, నెయ్యి తాగి పెరిగిన కాళ్ళు దూరలేదు. చివరికి ఎర్రయ్య కొబ్బరినూనె తెచ్చి మునసబుగారి పిక్కలకి పట్టించి, "కాస్త ఓర్చుకోండి బాబుగారండీ" అంటూ తోశాడు. కాళ్ళు దూరాయి. కూర్చోవడం మాత్రం సెగగడ్డ మీదే కూర్చోవాల్సివచ్చింది. ఇన్నాళ్ళూ తన మాట మీద ఎంతమంది ఈ ఎండలో ఇలా కూర్చున్నారో బాపిరాజుగారికి ఆ రోజు మొదటిసారి గుర్తొచ్చింది. కొందరి మొహాలు గుర్తొచ్చాయి. కొందరివి ఎంత ఆలోచించినా రాలేదు.

ఎంగిలైన తాండ్ర దేవుడికి పనికిరాదు. పారేస్తే పాపమని మాణిక్యంగారు ఊళ్ళో పంచమన్నారు. నూకాలమ్మ బుట్టలో పెట్టుకుని బయల్దేరింది. చావడి చుట్టూ చేరిన పిల్లా పెద్దా అంతా బాపిరాజుగారి ఎదురుగానే చప్పరిస్తూ తిన్నారు. వాసన గుప్పుమంది. ఆయన నోట్లో నీళ్ళూరాయి. బుట్ట తన ముందునుంచి పోతుంటే, ఆగలేక, "నూకాలమ్మా" అన్నారు.

"ఆయ్."

"ఎలాగూ ఎంగిలే కదా... ఒక ముక్క..."

నూకాలమ్మ ఆయన కేసి జాలిగా చూసింది. "పెడుదునండి బాబుగారండీ. తమరికి మాత్రం పెట్టొద్దని అమ్మగారు గట్టిగా చెప్పేరండి. వైద్యుడు ఒప్పుకోడంటండి." అని బుట్ట నెత్తికెత్తుకుంది. ఆమె అటు తిరిగాక నవ్వింది, ఆ నవ్వు వీపు కదలడంలో తెలిసింది.

పొద్దుగూకాక ఎర్రయ్య భుజం మీద చెయ్యేసి బాపిరాజుగారు ఇల్లు చేరారు. మంచం మీద బోర్లా పడుకోబెట్టి, మాణిక్యంగారు గడ్డకి పసుపు ముద్ద వేశారు. కొత్త తాండ్రకి రేపే పళ్ళు తెప్పిస్తున్నామని, నూకాలమ్మ అది పూర్తయ్యేదాకా ఉంటుందని, నాలుగిళ్ళవాళ్ళు అప్పుడే ఆమె కోసం కబురు పెట్టారని చెప్పారు. అంతర్వేది వెళ్ళడానికి తీసిపెట్టిన పంచె మాత్రం పాడైపోయింది, ఊరందరి వేళ్ళూ దాని మీదే ఉన్నాయి, కాటుక వదలడం లేదన్నారు. అది కట్టుకునే వస్తానన్నారు బాపిరాజుగారు.

కాసేపాగి, దిండులోకి చూస్తూ అడిగారు. "నా వేలని పొద్దున్నే తెలుసా?"

"తాండ్ర చూడగానే తెలిసిందండి."

"మరి అప్పుడే అనలేదేం?"

"మీరంటారని చూసేను." పసుపు చెయ్యి ఆగింది. "మీరు అనకపోతే, ఆవిణ్ణి మాత్రం బొండలోకి పోనిచ్చేదాన్ని కాదు. తలుపు తీసుకుని బయటికొచ్చేసేదాన్ని."

రాజులింటి ఆడమనిషి వీధి తలుపు తీసుకుని బయటికి రావడమంటే ఏమిటో బాపిరాజుగారికి తెలుసు.

"చక్రాల సంగతి? అదెప్పుడు తెలిసింది?"

"పెళ్ళిపీటల మీదేనండి. తలొంచుకుని కూర్చున్న పెళ్ళికూతురికి పట్టుకున్న చెయ్యి తప్ప ఇంకేం కనబడుతుంది? వేళ్ళన్నీ లెక్కపెట్టేను. చిటికెనవేలికొక్కటే ఉంది."

"మరి మీ నాన్నగారితో చెప్పలేదేం? అబద్ధమాడేరని?"

"చెప్తే పీటల మీంచి లేపేసేవారు కదండీ" అన్నారు మాణిక్యంగారు.

బాపిరాజుగారు పక్కకి తిరగబోయి, గడ్డ నొక్కుకుని, అబ్బా అని మళ్ళీ బోర్లా పడ్డారు. ఆ తర్వాత పిడికిలి పూర్తిగా విప్పి, చెయ్యి మంచం పట్టె మీదుగా ఆవిడ వైపు చాపారు. మాణిక్యంగారు పసుపు చేత్తోనే దాన్ని పట్టుకున్నారు.